ఫైబర్ తెగిన రాత్రి: బ్యాకప్ లింకుకు బ్యాండ్‌విడ్త్ లెక్క కట్టడం ఎలా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసిమ్మని కమిటీ వారు అడిగినప్పుడు, జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామంది ఉంటారు గనుక మేము మా పని గురించి రాద్దామనుకున్నాము. మేము ఐదుగురం. ఇద్దరం ఐటీఐ, ముగ్గురం పాలిటెక్నిక్. శంషాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో, పంపుహౌసుల్లో ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ పనులు చేస్తున్నాము. ఎక్కువమందిమి కాంట్రాక్టు మనుషులమే. మాలో ఒకరికి ఒక రాత్రి ఎదురైన కష్టం వల్ల మేమంతా కూర్చుని నేర్చుకున్న లెక్క ఇది. గుణకారం, భాగహారం వస్తే చాలు, పదో తరగతి తమ్ముడికి కూడా అర్థమవుతుంది. రేపు ఈ పనుల్లోకి వచ్చేవాళ్ళకి ఉద్యోగం కాపాడే లెక్క కూడా కావచ్చు.

ఆ రాత్రి ఏం జరిగింది?

ఒక ఫ్యాక్టరీ. దానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో నీళ్ళ పంపుహౌసు. అక్కడి మోటార్లను నడిపే చిన్న కంప్యూటర్లను పీఎల్‌సీలు అంటారు. సంపులో నీళ్ళెంత ఉన్నాయి, ఏ మోటారు తిరుగుతోంది, ఎంత కరెంటు లాగుతోంది అనే సమాచారం ఆ పీఎల్‌సీల నుంచి ఫైబర్ కేబుల్ మీదుగా ఫ్యాక్టరీలోని కంట్రోల్ రూముకు వస్తుంది. అక్కడ తెర ముందు కూర్చున్న ఆపరేటరు మౌసు నొక్కితే ఇక్కడ మోటారు ఆగుతుంది. ఈ మొత్తం ఏర్పాటునే స్కాడా అంటారు. ఫైబర్ తెగితే పని ఆగకూడదని రెండు స్తంభాలు పాతి, రెండు యాంటెన్నాలు ఎదురెదురుగా పెట్టి వైర్‌లెస్ బ్యాకప్ లింకు కూడా పెట్టారు.

వానాకాలంలో ఒక రాత్రి, రోడ్డు పక్క కాలువ తవ్వుతున్న జేసీబీ పంజాకు ఫైబర్ తెగింది. బ్యాకప్ లింకు కొన్ని సెకన్లలోనే అందుకుంది. స్విచ్ మీద పచ్చ దీపం కూడా వెలిగింది. డ్యూటీలో ఉన్న మా వాడు హమ్మయ్య అనుకున్నాడు. తెర మీద సంపు మట్టం 62 శాతం. పది నిమిషాల తర్వాత కూడా 62. అరగంటకీ 62. నిజానికి సంపులో నీళ్ళు అయిపోయాయి, మోటారు నీళ్ళు లేకుండా తిరిగి సీలు కాలిపోయింది. నీళ్ళు అడుగంటితే మోటారును అక్కడికక్కడే ఆపేసే ఫ్లోటు స్విచ్ ఆ పంపుకు పెట్టలేదు. మర్నాడు ఫ్యాక్టరీకి నీళ్ళు లేవు.

మూడో రోజు మా వాడికి మెమో ఇచ్చారు. "బ్యాకప్ లింకు పనిచేస్తూనే ఉంది. మీరు చూసుకోలేదు" అని అందులో ఉంది. మూడు రోజుల జీతం కోశారు.

లింకు పనిచేస్తూనే ఉన్న మాట నిజం. మరి అంకె ఎందుకు కదలలేదు? ఆ ఆదివారం మేమంతా ఒక గదిలో కూర్చుని కాగితం మీద లెక్క వేశాము. జవాబు అందులోనే దొరికింది.

శంషాబాద్‌లో ఈ పని ఎందుకు ఎక్కువ?

మా చిన్నప్పుడు శంషాబాద్ అంటే బెంగళూరు రోడ్డు మీద బస్సు ఆగే ఊరు. 2008 మార్చి 23న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి విమానాలు ఎగరడం మొదలైంది, బేగంపేట నుంచి ప్రయాణికుల సర్వీసులు ఇటు వచ్చేశాయి. అదే ఏడాది ఔటర్ రింగు రోడ్డులో గచ్చిబౌలి–శంషాబాద్ భాగం తెరుచుకుంది. 2009లో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. వెనకాలే గోదాములు, కార్గో, విమానాల మరమ్మతు షెడ్లు, విడిభాగాల ఫ్యాక్టరీలు వచ్చాయి. ఏడాదికి కోటీ ఇరవై లక్షల మంది ప్రయాణికుల కోసం కట్టిన విమానాశ్రయాన్ని 2023–24లో రెండు కోట్ల మందికి పైగా వాడుకున్నారు. అంటే తవ్వకాలు, విస్తరణలు ఆగని ప్రాంతం. తవ్వకం ఉన్నచోట ఫైబర్ తెగడం మామూలే.

విమానాశ్రయంలో సమాచారం ఆలస్యమైతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూడండి. రన్‌వే మీదికి వెళ్ళే దారికి అడ్డంగా ఎర్ర దీపాల వరుస ఉంటుంది, దాన్ని స్టాప్ బార్ అంటారు. అది వెలిగి ఉంటే విమానం దాటకూడదు. ఆ దీపాల స్థితి మారితే 2 సెకన్లలోపు, మిగతా దీపాల స్థితి మారితే 5 సెకన్లలోపు కంట్రోల్ చేసేవారికి తెలియాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన 14వ అనుబంధంలో సిఫారసు చేసింది. "సమాచారం వస్తుంది" అంటే చాలదు, ఎన్ని సెకన్లలో వస్తుందో కూడా చెప్పాలి.

ఇంకొంచెం పక్కన హిమాయత్ సాగర్ ఉంది. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి కట్టిన రెండు జలాశయాల్లో ఇది ఒకటి, 1927లో పూర్తయింది. 2020 అక్టోబరు వానలకు దాని గేట్లు ఎత్తిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి చోట నీటి మట్టం అంకె అరగంట పాతదైతే కింద బస్తీల్లో ఉండే మనవాళ్ళకి ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

బ్యాండ్‌విడ్త్ అంటే ట్యాంకరు కుళాయి

మన హాస్టల్లో బోరు మోటారు కాలిపోయిన రోజులు గుర్తు తెచ్చుకోండి. మామూలు రోజుల్లో వరుసగా కుళాయిలు ఉంటాయి, ఎవరి బకెట్ వాళ్ళు నింపుకుంటారు. మోటారు పోయిన రోజు ట్యాంకరు వస్తుంది. దానికి ఒకటే పైపు. అప్పుడు వార్డెన్ గారు ఏం చేస్తారు? ముందు వంటకి, తర్వాత తాగడానికి, తర్వాత స్నానాలకి, బట్టలు ఉతకడం మాత్రం రేపు అంటారు. ఈ నియమం లేకపోతే పెద్ద బకెట్లు, బట్టల మూటలు తెచ్చిన బలవంతులు ముందు నిలబడతారు, వంటమనిషి బిందె వెనకపడిపోతుంది, ఆ పూట అందరూ పస్తే.

ఫైబర్ అంటే కుళాయిల వరుస. వైర్‌లెస్ బ్యాకప్ అంటే ట్యాంకరు పైపు. ఆ పైపులో సెకనుకు ఎంత సమాచారం పోతుందో అదే బ్యాండ్‌విడ్త్. దాన్ని సెకనుకు ఇన్ని బిట్లు అని కొలుస్తారు. ఇక్కడ కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు చెప్పేస్తాము. సమాచారం పరిమాణాన్ని బైట్లలో చెప్తారు, లింకు వేగాన్ని బిట్లలో చెప్తారు. ఒక బైటుకు 8 బిట్లు. ఈ 8తో గుణించడం మర్చిపోతే మన లెక్క ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

మొదటి పని: ఎవరెవరికి నీళ్ళు కావాలి?

లెక్కకు ముందు జాబితా రాయాలి. ఆ లింకు మీద నడిచేవన్నీ రాసుకోవాలి. పీఎల్‌సీ సమాచారం, అలారాలు, ఆపరేటరు తెరలు, పాత రికార్డులు దాచే హిస్టారియన్ కంప్యూటరు, పంపుహౌసులో ఫోను, మరమ్మతుకు వచ్చినవారి ల్యాప్‌టాప్, సీసీ కెమెరాలు. ఈ జాబితా ఆఫీసులో కూర్చుని రాస్తే సగమే వస్తుంది. స్విచ్ దగ్గరికి వెళ్ళి ఏ రంధ్రంలో ఏ కేబుల్ ఉందో ఒక్కొక్కటీ పట్టుకుని చూడాలి. మా వాడి పంపుహౌసులో కాగితం మీద లేని ఎనిమిది కెమెరాలు స్విచ్ దగ్గర బయటపడ్డాయి. కాపలా కోసం ఎవరో తర్వాత తగిలించి వెళ్ళారట.

రెండో పని: ఒక్కొక్కదానికి ఎంత?

అర్థం కావడానికి గుండ్రటి అంకెలతో ఒక మచ్చు లెక్క వేద్దాము. పంపుహౌసులో 6 పీఎల్‌సీలు. ఒక్కొక్కదాని నుంచి 250 రిజిస్టర్ల సమాచారం, అంటే 250 అంకెలు, సెకనుకోసారి తేవాలి. భాష మోడ్‌బస్ టీసీపీ. మోడ్‌బస్‌లో ఒక్క ప్రశ్నకు 125 రిజిస్టర్ల కంటే ఎక్కువ రావు. కాబట్టి ఒక్కో పీఎల్‌సీకి సెకనుకు రెండు ప్రశ్నలు.

ప్రశ్న 12 బైట్లు. దాని మీద ఈథర్‌నెట్, ఐపీ, టీసీపీ అనే కవర్లు 58 బైట్లు. మొత్తం 70.

జవాబులో 125 రిజిస్టర్లకు 250 బైట్లు, ముందు 9 బైట్ల తల, మొత్తం 259. కవర్లు 58. కలిపి 317.

అందిందని చెప్పే చిన్న రసీదు 64.

ఒక ప్రశ్న–జవాబుకు 70 + 317 + 64 = 451 బైట్లు. ప్రశ్నకు అసలు సరుకు 12 బైట్లు అయితే కవరు 58 అని గమనించండి. పోస్టుకార్డు మాటకి పార్సిల్ డబ్బా కట్టినట్టు. కవర్లు లెక్కలో వేయనివాళ్ళు ఇక్కడే మోసపోతారు.

సెకనుకు 12 ప్రశ్నలు గనుక 451 × 12 = 5,412 బైట్లు. 8తో గుణిస్తే 43,296 బిట్లు, అంటే సుమారు 43 కిలోబిట్లు.

గాలిలో పోయే సమాచారం ఎవరూ వినకుండా, మార్చకుండా తాళం వేయాలి. వీపీఎన్ తాళం ఒక్కో ప్యాకెట్‌కు 60 నుంచి 80 బైట్ల దాకా బరువు పెంచుతుంది. 70 అనుకుందాం. సెకనుకు 36 ప్యాకెట్లు గనుక 36 × 70 × 8 = 20,160 బిట్లు. ఇప్పుడు మొత్తం సుమారు 63 కిలోబిట్లు.

చూశారా, మోటార్లను నడిపే అసలు సమాచారానికి కావలసింది ఇంతే. ఇప్పుడు మిగతావి.

అలారాలు: కరెంటు పోయి వస్తే ఒకేసారి 200 అలారాలు మోగుతాయనుకుందాం. ఒక్కోటి 300 బైట్లు, రెండు సెకన్లలో చేరాలి. 200 × 300 × 8 ÷ 2 = 240 కిలోబిట్లు.

ఆపరేటరు తెరలు రెండు: ఒక్కోటి 100 కిలోబిట్ల చొప్పున 200.

ఫోను: ఒక మాట్లాడుకోవడానికి, రెండు వైపులా కలిపి, మామూలు జీ.711 పద్ధతిలో సుమారు 175 కిలోబిట్లు.

ల్యాప్‌టాప్‌తో పీఎల్‌సీ ప్రోగ్రాము చూడటానికి 500 కిలోబిట్లు దాటకుండా కట్టడి.

హిస్టారియన్: దీని సంగతి కొంచెం వేరు. లింకులు రెండూ పోయిన సమయంలో ఇది సమాచారాన్ని పంపుహౌసులోనే దాచుకుని, లింకు రాగానే ఒక్కసారిగా పంపుతుంది. 500 అంకెలు, ఒక్కోటి 20 బైట్లు, సెకనుకోసారి దాస్తే 10 గంటల్లో 36 కోట్ల బైట్లు పోగవుతాయి. దాన్ని ఒక గంటలో తోసెయ్యాలంటే 800 కిలోబిట్లు కావాలి. అంత తొందర ఎందుకు? 200 కిలోబిట్లకు కట్టడి చేస్తే 4 గంటల్లో చేరుతుంది. పాత రికార్డు నాలుగు గంటలు ఆగగలదు, నడుస్తున్న మోటారు ఆగలేదు.

కలిపితే 63 + 240 + 200 + 175 + 500 + 200 = 1,378 కిలోబిట్లు. దాదాపు 1.4 మెగాబిట్లు.

గాలిలో కొన్ని ప్యాకెట్లు పాడై మళ్ళీ పంపాల్సి వస్తుంది. రేపు ఇంకో పీఎల్‌సీ వస్తుంది. అందుకని రెట్టింపు పెట్టుకోవడం మేము పాటించే పద్ధతి. అంటే సుమారు 3 మెగాబిట్లు. గేటు దగ్గర ఒక్క కెమెరా తక్కువ నాణ్యతతో తప్పనిసరి అంటే, దానికి అర మెగాబిట్టు కలిపి రెట్టింపు చేస్తే సుమారు 4 మెగాబిట్లు.

మరి ఎనిమిది కెమెరాలు? మామూలు నాణ్యత కెమెరా ఒక్కోటి 2 నుంచి 4 మెగాబిట్లు తింటుంది. 3 చొప్పున ఎనిమిదింటికి 24 మెగాబిట్లు. ఫ్యాక్టరీ బతకడానికి కావలసిన దానికి పదిహేడు రెట్లు!

62 శాతం ఎందుకు కదలలేదు?

మా వాడి లింకు ఆ రాత్రి నిజంగా మోయగలిగింది సుమారు 4 మెగాబిట్లు. ఫైబర్ మీద ఉన్న కెమెరాలన్నీ ఒక్కసారిగా దాని మీద పడ్డాయి. రేడియో ముందు తాత్కాలికంగా ప్యాకెట్లను నిలబెట్టే జాగా ఉంటుంది. ఆ జాగా పది లక్షల బైట్లు ఉండి, కెమెరాలతో నిండిపోయిందనుకోండి. 80 లక్షల బిట్లు, సెకనుకు 40 లక్షలు పోతాయి, అంటే వెనక నిలబడ్డ ప్యాకెట్ 2 సెకన్లు ఆగాలి. స్కాడా మాత్రం ప్రశ్న వేసి ఒక్క సెకనే ఎదురు చూస్తుంది. జవాబు రాకపోతే వదిలేసి మళ్ళీ అడుగుతుంది. వంటమనిషి బిందె క్యూలో ఉండగానే భోజనం గంట కొట్టేసినట్టు. జవాబులు వస్తున్నాయి, కానీ ఆలస్యంగా వచ్చినవి చెల్లవు. తెర మీద పాత అంకె అలాగే నిలిచిపోయింది. అది పాత అంకె అని చెప్పే ఎర్ర రంగు గానీ, ప్రశ్నార్థకం గానీ ఆ తెరకు పెట్టలేదు.

మనిషి చూడకపోవడం వల్ల జరిగింది కాదు. చూడటానికి సరైన అంకె లేదు.

సగటును నమ్మవద్దు

మేము లెక్క చూపించినప్పుడు "రోజు మొత్తం మీద సగటు వాడకం తక్కువే కదా" అన్నారు. మన మెస్సులో రోజంతా సగటు తీస్తే గంటకు కొద్ది పళ్ళేలే. అయినా ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిది మధ్య వందమంది ఒకేసారి నిలబడతారు. గరిటెలు ఎన్ని కావాలో ఆ అరగంటను చూసి నిర్ణయిస్తారు. లింకుకు కూడా అంతే. అత్యంత రద్దీ నిమిషాన్ని కొలవాలి. కరెంటు పోయి వచ్చిన నిమిషం, షిఫ్టు మారే నిమిషం, మోటార్లన్నీ వరుసగా మొదలయ్యే నిమిషం. ఫైబర్ బాగున్నప్పుడే స్విచ్ దగ్గర ఒక వారం కొలిచి పెట్టుకుంటే జాబితాలో మర్చిపోయినవి కూడా దొరుకుతాయి.

చిన్న ప్యాకెట్ల సంగతి

ఇంకో లోతైన చిక్కు ఉంది. పాలిటెక్నిక్ తమ్ముళ్ళు దీన్ని జాగ్రత్తగా చదవండి. వై-ఫై జాతి రేడియోలో ప్రతి ప్యాకెట్‌కు ముందు "ఎవరైనా మాట్లాడుతున్నారా" అని కాసేపు వినాలి, తర్వాత పంపాలి, తర్వాత అందిందన్న రసీదు వినాలి. 54 మెగాబిట్ల పాత రకం రేడియోలో 64 బైట్ల చిన్న ప్యాకెట్‌కు ఇదంతా కలిపి సుమారు 180 మైక్రోసెకన్లు పడుతుంది. అందులో అసలు సరుకు పోయే సమయం పదో వంతు కూడా ఉండదు.

ప్రొఫినెట్ లాంటి వేగమైన భాషలో 16 పరికరాలు 8 మిల్లీసెకన్లకోసారి రెండు వైపులా మాట్లాడుకుంటే, సెకనుకు 125 × 2 × 16 = 4,000 ప్యాకెట్లు. బిట్లలో చూస్తే 4,000 × 64 × 8 = 20 లక్షల చిల్లర, అంటే 2 మెగాబిట్లు. 54లో 2 ఏపాటి అనిపిస్తుంది. సమయంలో చూస్తే 4,000 × 180 = 7,20,000 మైక్రోసెకన్లు. ప్రతి సెకనులో 72 శాతం గాలి దీనికే అయిపోయింది! పక్క ఫ్యాక్టరీ వై-ఫై కాస్త తగిలిందంటే గొలుసు తెగుతుంది. అందుకే సెకనుకు ఎన్ని బిట్లతో పాటు సెకనుకు ఎన్ని ప్యాకెట్లు అనే అంకె కూడా రాసుకోవాలి. బ్యాకప్ మీదికి వచ్చినప్పుడు అడిగే వేగం తగ్గించడం అన్నిటికంటే చవకైన మందు. సెకనుకోసారి అడిగేది ఐదు సెకన్లకోసారి అడిగితే భారం ఐదో వంతుకు దిగుతుంది. సంపు మట్టానికి ఐదు సెకన్లు ఏమీ కాదు.

కొన్నిటిని మాత్రం ఈ లింకు మీద పెట్టనే కూడదు. సబ్‌స్టేషన్లలో బ్రేకరును పడగొట్టే సందేశాలు ఐఈసీ 61850 ప్రమాణం ప్రకారం 3 మిల్లీసెకన్లలో చేరాలి. మనుషుల ప్రాణం, యంత్రం ప్రాణం కాపాడే పని అక్కడికక్కడే తీగతో జరగాలి. మా వాడి పంపుకు ఆ రోజు ఒక్క ఫ్లోటు స్విచ్ ఉండి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

డబ్బా మీది అంకె, గాలిలో అంకె

రేడియో డబ్బా మీద "300 మెగాబిట్లు" అని ఉంటుంది. అది దగ్గరగా, వెడల్పాటి చానెల్‌లో, రెండు ధారలు కలిసి, అన్నీ బాగున్నప్పటి అంకె. అందులోనూ సగం రేడియోల సొంత మాటలకే పోతుంది. సిగ్నల్ తగ్గేకొద్దీ రేడియో తనంతట తానే మెట్లు దిగుతుంది. సన్నని చానెల్‌లో ఒక్క ధారతో రెండో మెట్టు 13 మెగాబిట్లు, చేతికి వచ్చేది 6 దాకా. అడుగు మెట్టు 6.5, చేతికి వచ్చేది 3 దాకా. మన 4 మెగాబిట్ల అవసరాన్ని 300తో పోల్చకూడదు. కనీసం ఆ రెండో మెట్టుకు దిగకుండా ఉండేలా యాంటెన్నా, సిగ్నల్ చూసుకోవాలి.

సిగ్నల్ కోసం రెండు యాంటెన్నాలు ఒకదానికొకటి కనబడితే చాలదు. మధ్య దారి చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఖాళీ కావాలి. దాన్ని ఫ్రెనెల్ మండలం అంటారు. మధ్యలో దాని వ్యాసార్థం మీటర్లలో: దూరాన్ని కిలోమీటర్లలో, ఫ్రీక్వెన్సీని గిగాహెర్ట్జ్‌లో తీసుకుని, భాగించి, వర్గమూలం తీసి, 8.66తో గుణించాలి. 4 కిలోమీటర్లకు, 5.8 గిగాహెర్ట్జ్‌కు 7.2 మీటర్లు వస్తుంది. అందులో 60 శాతం, అంటే 4.3 మీటర్లు, చెట్టు, బండ, షెడ్డు ఏదీ అడ్డం రాకూడదు. మన వైపు గుండ్రాళ్ళ గుట్టలు కదలవు గానీ, వేప, తుమ్మ చెట్లు ఏటా పెరుగుతాయి. ఎండాకాలంలో పెట్టిన లింకు వానాకాలంలో తడి ఆకుల వెనక నీరసించడం మేము చూశాము.

స్తంభం ఎత్తు పెంచుదామా అంటే శంషాబాద్‌లో ఇంకో అడ్డు. విమానాశ్రయం చుట్టూ ఎక్కడ ఎంత ఎత్తు కట్టవచ్చో 2015 నియమాలు చెప్తాయి, రంగుల పటాలు కూడా ఉంటాయి. కట్టడానికే కాదు, స్తంభానికీ ఈ లెక్క వర్తిస్తుంది. ముందు అనుమతి చూసుకుని తర్వాత గుంత తవ్వాలి.

ఫ్రీక్వెన్సీ సంగతి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి వదిలారు. 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగాన్ని 2018లో వదిలారు. తక్కువ సమాచారానికి, దూరానికి పనికొచ్చే 865–867 మెగాహెర్ట్జ్ 2005లో వచ్చింది, 2021లో 868 దాకా పెంచారు. లైసెన్సు అక్కర్లేదంటే రక్షణ కూడా లేదని అర్థం. పక్కవాడి వై-ఫై అడ్డొచ్చిందని ఫిర్యాదు చేయలేము. 2.4లో ఒకదానికొకటి తగలని చానెళ్ళు మూడే. 5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని చానెళ్ళలో రాడార్ వినబడితే రేడియో ఆ చానెల్ ఖాళీ చేసి, కొత్త చానెల్‌లో 60 సెకన్లు విన్న తర్వాతే మాట్లాడుతుంది. బ్యాకప్ లింకుకు ఒక నిమిషం మౌనమంటే చాలా ఎక్కువ. అలాంటి చానెల్ పెట్టుకోకపోవడం మంచిది.

మొబైల్ సిమ్ పెట్టుకుంటే సరిపోదా అని అడుగుతారు. పెట్టుకోవచ్చు. కానీ ఆ సెల్ టవరుకు వచ్చే ఫైబర్ కూడా అదే కాలువ పక్కన పూడ్చి ఉంటే, ఒక్క జేసీబీ దెబ్బకు రెండూ పోతాయి. రెండు దారులూ ఒకే కరెంటు బోర్డు మీద ఉన్నా ఇదే గతి. తోడు దారి నిజంగా వేరే దారేనా అని నడిచి చూడాలి.

పరీక్ష ఎలా పెట్టాలి?

మా వాడి చోట ప్రతి నెలా బ్యాకప్ లింకును పరీక్షించి రిజిస్టరులో సంతకం పెట్టేవారు. పరీక్ష అంటే ఒక పింగ్ పంపడం, అది తిరిగి వస్తే "ఓకే" రాయడం. ఖాళీ ట్యాంకరు పైపులోంచి ఒక చెంబు నీళ్ళు పట్టి, వందమందికి సరిపోతుందని రాసినట్టు. సరైన పరీక్షకు మేము పెట్టుకున్న నియమాలు ఇవి:

1. పైవాళ్ళ అనుమతి కాగితం మీద తీసుకుని, పగలు, పంపుహౌసులో మనిషిని నిలబెట్టి, ఫైబర్‌ను నిజంగానే విప్పాలి.

2. అన్ని పరికరాలూ నడుస్తుండగా అరగంట వదిలెయ్యాలి. అంకెలు కదులుతున్నాయో లేదో గడియారం పెట్టి చూడాలి.

3. మారడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయాలి. పాత స్పానింగ్ ట్రీ పద్ధతి స్విచ్‌లు 30 నుంచి 50 సెకన్లు తీసుకుంటాయి, కొత్త ర్యాపిడ్ పద్ధతి కొన్ని సెకన్లలోపే ముగిస్తుంది.

4. స్విచ్‌లో వరస పెట్టాలి: పీఎల్‌సీ, అలారాలు ముందు, ఫోను తర్వాత, హిస్టారియన్ ఆ తర్వాత. కెమెరాలు బ్యాకప్ మీదికి రాకుండా ఆపాలి.

5. జవాబు రాని అంకె తెర మీద రంగు మారాలి.

6. ఫైబర్ తిరిగి పెట్టినప్పుడు కూడా చూడాలి. వెనక్కి మారేటప్పుడు ఆగిపోయిన లింకులు కూడా ఉన్నాయి.

తర్వాత ఏమైంది?

మేము రెండు పేజీల లెక్క రాసి, మా వాడి జవాబుతో కలిపి ఇచ్చాము. ఒక పెద్ద ఇంజనీరు గారు దాన్ని చదివి, మా ఎదురుగానే కెమెరాల కేబుల్ విప్పించి, ఫైబర్ తీయించారు. సంపు అంకె సెకను సెకనుకూ కదిలింది. కెమెరాలు మళ్ళీ తగిలించగానే నిమిషంలో నిలిచిపోయింది. మెమో వెనక్కి తీసుకున్నారు. కోసిన మూడు రోజుల జీతం మాత్రం తిరిగి రాలేదు. పంపుకు ఫ్లోటు స్విచ్ పెట్టారు.

తమ్ముళ్ళూ, తప్పు జరిగినప్పుడు అందరికంటే కింద ఉన్నవాడి మీదికే మొదట వేలు చూపిస్తారు. మనలాంటి హాస్టళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళకి పైన చెప్పుకోవడానికి మనుషులు ఉండరు. ఆ రోజు మా వాడి తరఫున మాట్లాడింది గుణకారాలతో నిండిన రెండు కాగితాలు. లెక్కల మాస్టారు బోర్డు మీద చెప్పేటప్పుడు "ఇవి ఎందుకు పనికొస్తాయి సార్" అని వెనక బెంచీలో నవ్వుకున్నవాళ్ళలో మేమూ ఉన్నాము. అందుకే ఈ మాట చెప్తున్నాము.

చివరగా మీకో లెక్క. 12 పీఎల్‌సీలు. ఒక్కొక్కదాని నుంచి 125 రిజిస్టర్లు, 5 సెకన్లకోసారి. తాళం లేదు. ఎంత బ్యాండ్‌విడ్త్ కావాలి? 3 మెగాబిట్ల కెమెరా ఒకటి తినేదాంట్లో ఇలాంటి గుంపులు ఎన్ని నడుస్తాయి? చేసి చూసుకోండి. జవాబు: సుమారు 8.7 కిలోబిట్లు, 346 గుంపులు. మీకు వేరే జవాబు వస్తే 8తో గుణించారో లేదో ముందు చూసుకోండి.

– పూర్వ విద్యార్థులు, శంషాబాద్ ప్రాంతం